వెళ్ళిపోతాడంట!

తెలుగులో "అంట" అని ఒక చిన్న ముక్క ఉంది. మాట చివర దాన్ని తగిలిస్తే చాలు, ఆ మాటకి మనం పూచీ పడక్కర్లేదు. "రేపు బడికి సెలవు" అని ఎవరైనా అంటే "నీకెవరు చెప్పారు?" అని అడుగుతాం. "రేపు సెలవంట" అంటే మాత్రం అడగం. వినేస్తాం, పక్కవాళ్ళకి చెప్పేస్తాం. చెప్పినవాళ్ళ మీద బరువు లేదు, విన్నవాళ్ళ మీదా లేదు. మరి ఆ మాట అబద్ధమైతే ఆ బరువు ఎవరి మీద పడుతుంది? ఎవరి గురించి మాట్లాడుకున్నామో వాళ్ళ మీద పడుతుంది. అది న్యాయమా అన్నదే నా ప్రశ్న.

ఉదాహరణ ఫుట్‌బాల్ నుంచి తీసుకుంటాను. ఎందుకంటే "అంట" అన్న మాట అక్కడ వినిపించినంతగా ఇంకెక్కడా వినిపించదు. ఒక సీజను అయిపోయి ఇంకో సీజను మొదలయ్యేలోపల ఆటగాళ్ళు క్లబ్బులు మారే సమయం ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ విండో అంటారు. ఆ రోజుల్లో మైదానంలో ఆట ఉండదు, నోళ్ళలోనే ఆట. ఫలానా డిఫెండర్ వెళ్ళిపోతాడంట, ఇన్ని కోట్లంట, కోచ్‌తో పడట్లేదంట. మా రాజపాళయం నుంచి పడమటికి చూస్తే కొండలు, కొండల అవతల కేరళ. కాబట్టి మా ఊళ్ళో ఫుట్‌బాల్ చూసేవాళ్ళలో చెన్నైయిన్ వాళ్ళు కొందరైతే, కేరళ బ్లాస్టర్స్ వాళ్ళు కొందరు. ఆ రెండో గుంపులో పెద్దవాళ్ళు ఇప్పటికీ తగువు పడే పేరు ఒకటుంది: సందేశ్ జింగాన్.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. జింగాన్ చండీగఢ్‌లో పుట్టాడు. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైన ఏడాదే కేరళ బ్లాస్టర్స్‌లో చేరాడు. అప్పుడు అతనికి 21 ఏళ్ళు, జెర్సీ నంబరు కూడా 21. ఆ మొదటి సీజన్లోనే ఎదుగుతున్న ఆటగాడిగా బహుమతి తెచ్చుకున్నాడు, తర్వాత కెప్టెన్ అయ్యాడు. మలయాళీ కాకపోయినా కొచ్చి స్టేడియంలో జనం అతన్ని సొంత బిడ్డలా చూశారు. 2019 అక్టోబరులో మోకాలికి పెద్ద గాయమైంది, ఆ సీజను మొత్తం ఆడలేదు. 2020 మే నెలలో క్లబ్బూ, అతనూ ఒప్పుకుని విడిపోయారు. గౌరవంగా 21 నంబరు జెర్సీని ఇంక ఎవరికీ ఇవ్వమని క్లబ్బు ప్రకటించింది. సెప్టెంబరులో అతను ఏటీకే మోహన్ బగాన్‌లో చేరాడు. ఆ పేరులోని "ఏటీకే" అంటే 2014లోనూ, 2016లోనూ ఫైనల్లో బ్లాస్టర్స్‌ని ఓడించిన కలకత్తా క్లబ్బే. అందుకే గాయం మీద కారం చల్లినట్టయింది.

మే నుంచి సెప్టెంబరు దాకా, ఆ తర్వాత కూడా, అభిమానుల మాటల్లో రెండు పక్షాలు కనిపిస్తాయి. ఒక పక్షం "ఏరు దాటి తెప్ప తగలేశాడు" అంటుంది. పేరు లేని కుర్రాడిగా వచ్చాడు, మనం పెద్దవాణ్ణి చేశాం, ఇప్పుడు మనల్ని కొట్టినవాళ్ళ దగ్గరికే పోయాడు అని. రెండో పక్షం దానికి ఎదురు సామెత చెబుతుంది: "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య." అంటే ఆడినన్నాళ్ళూ వాడుకుని, మోకాలు పోయాక వదిలేశారు అని. రెండు సామెతలూ ఏరు గురించే, రెండూ మనవే. ఒకటి వెళ్ళినవాణ్ణి తిడుతుంది, ఇంకొకటి పంపినవాళ్ళని తిడుతుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చేసే ఉండాలి అన్న విషయంలో మాత్రం రెండు పక్షాలకీ తేడా లేదు. ఆ ఒక్క చోటే నాకు అనుమానం.

ముందు పుకారు సంగతి చూద్దాం. పుకారు ఊరికే పుట్టదు. ఆటగాళ్ళకి ఏజెంట్లు ఉంటారు. "మావాణ్ణి ఇంకో పెద్ద క్లబ్బు అడుగుతోందంట" అని ఒక మాట బయటికి వస్తే ఇప్పుడున్న క్లబ్బు జీతం పెంచే అవకాశం ఉంది. క్లబ్బులకీ లాభం ఉంటుంది. అమ్మాలనుకున్న ఆటగాడి కోసం ఇద్దరు ముగ్గురు పోటీ పడుతున్నారని తెలిస్తే రేటు పెరుగుతుంది. వార్తలు రాసేవాళ్ళకి ఆట లేని నెలల్లో రాయడానికి ఏదో ఒకటి కావాలి. వీళ్ళందరికీ పుకారు వల్ల ఎంతో కొంత వస్తుంది. దాన్ని ఊరంతా మోసుకెళ్ళే అభిమానికి ఏం వస్తుంది? కూలి లేని మోత తప్ప ఏమీ రాదు. మనం "మా ఆటగాడి గురించి మాట్లాడుకుంటున్నాం" అనుకుంటాం. చాలాసార్లు ఎవరి బేరానికో మనం తూకపు రాళ్ళం అవుతాం.

డిఫెండర్ విషయంలో ఇది ఇంకా కష్టం. ఫార్వర్డ్ ఆటగాడు ఒక షాట్ పోగొడితే "పోన్లే, ఇంకోటి కొడతాడు" అంటాం. డిఫెండర్ ఒక అడుగు ఆలస్యం చేస్తే గోల్ పడుతుంది, అందరికీ కనిపిస్తుంది. తొంభై నిమిషాల్లో ఇరవైసార్లు బంతిని అడ్డుకున్నది ఎవరూ లెక్కపెట్టరు, ఆ ఒక్కసారే గుర్తుంటుంది. ఇప్పుడు అతను వెళ్ళిపోతాడంట అని ముందే విని ఉన్నామనుకోండి. అదే అడుగు, అదే గోల్. కానీ మనం చూసేది మారిపోతుంది. నిన్నటిదాకా "అలసిపోయాడు పాపం" అనేవాళ్ళం, ఇవాళ "మనసు ఇక్కడ లేదు, అందుకే వదిలేశాడు" అంటాం. అతను ఏం చెయ్యగలడు? బాగా ఆడితే "రేటు పెంచుకోడానికి ఆడుతున్నాడు" అంటాం. సరిగా ఆడకపోతే "అమ్ముడుపోయాడు" అంటాం. మాట్లాడకపోతే "చూశావా, కాదనలేదు" అంటాం. కాదంటే "అందరూ మొదట కాదనే అంటారు" అంటాం. ఏం చేసినా నేరం రుజువయ్యే విచారణని విచారణ అనరు. మన ఇంట్లో ఎవరి మీదైనా ఇలాంటి విచారణ జరిపితే ఊరుకుంటామా?

ఇక్కడ ఎవరైనా "నిప్పు లేనిదే పొగ రాదు" అనవచ్చు. నిజమే, జింగాన్ చివరికి వెళ్ళిపోయాడు కదా అని. కానీ ఈ సామెతని జాగ్రత్తగా వాడాలి. పొగ వచ్చింది కాబట్టి ఎక్కడో నిప్పు ఉండవచ్చు. ఆ నిప్పు ఎవరు పెట్టారో పొగ చెప్పదు. పుకారు నిజమైనా, అది చెప్పినవాడికి అప్పుడు తెలిసి చెప్పినట్టు కాదు. పదిమంది పది క్లబ్బుల పేర్లు చెబితే ఎవరో ఒకరి మాట నిజమవుతుంది. తప్పిన తొమ్మిది పేర్లని మర్చిపోయి, కలిసిన ఒక్క పేరు చెప్పి "నేను ముందే అన్నానుగా" అంటారు. చిలక జోస్యం కూడా అలాగే బతుకుతుంది.

సరే, పుకారు నిజమే అనుకుందాం. ఆటగాడు నిజంగా వెళ్ళిపోతున్నాడు. అప్పుడైనా అతన్ని ద్రోహి అనవచ్చా? ఈ సంగతి మా తాతయ్య దగ్గర ఎత్తితే ఆయన ఒకే ప్రశ్న అడిగారు: "వాడు ఉంటానని మాట ఇచ్చాడా?" ఆ ప్రశ్న పట్టుకుని ఆలోచిస్తే నాకు మూడు రకాల బాకీలు కనిపించాయి.

మొదటిది కాంట్రాక్టు. ఇన్నేళ్ళు ఆడతాను, ఇంత ఇవ్వండి అని కాగితం మీద సంతకం. ఆ గడువు లోపల ఎగ్గొడితే తప్పు, గడువు అయ్యాక వెళితే తప్పు కాదు. ఇద్దరూ ఒప్పుకుని ముందే విడిపోయినా తప్పు కాదు. రెండోది మాట. కాగితం లేకపోయినా "నేను ఎక్కడికీ వెళ్ళను" అని జనం ముందు చెప్పినవాడు, ఆ మాట నమ్మించి వెళ్ళిపోతే అది తప్పే. మూడోది కృతజ్ఞత. దీనికి కాగితమూ లేదు, గడువూ లేదు. అయితే దీన్ని తీర్చే పద్ధతి "జన్మంతా ఇక్కడే ఉండటం" కాదు. అమ్మానాన్నల పట్ల కృతజ్ఞత అంటే వాళ్ళ ఇల్లు దాటకుండా ఉండటం కాదు కదా. ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు దాచుకోకుండా పని చేయడం, వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళడం, వెళ్ళాక చులకన చేయకపోవడం, ఇవీ కృతజ్ఞత. అభిమానులు చాలాసార్లు మూడో బాకీని మొదటి బాకీలాగా వసూలు చేయబోతారు. అక్కడే తగాదా మొదలవుతుంది.

ఆటగాడికి వెళ్ళే హక్కు ఉందన్నది కూడా ఊరికే వచ్చింది కాదు. బెల్జియంలో జాన్-మార్క్ బోస్మాన్ అనే ఆటగాడు ఉండేవాడు. 1990లో లియేజ్ క్లబ్బుతో అతని కాంట్రాక్టు అయిపోయింది. ఫ్రాన్సులో డంకర్క్ క్లబ్బుకి వెళ్ళాలనుకున్నాడు. కాంట్రాక్టు అయిపోయినా సరే, మాకు డబ్బు కడితేనే వదులుతాం అని పాత క్లబ్బు పట్టుబట్టింది. అప్పటి పద్ధతి అదే. బోస్మాన్ కోర్టుకి వెళ్ళాడు. కేసు అయిదేళ్ళు నడిచింది. 1995 డిసెంబరు 15న యూరప్ న్యాయస్థానం అతని వైపు తీర్పు ఇచ్చింది. గడువు తీరిన ఆటగాణ్ణి యూరప్ దేశాల మధ్య డబ్బు కట్టమని ఆపకూడదు అని చెప్పింది. తీర్పు వచ్చేసరికి అతని ఆట వయసు దాదాపు అయిపోయింది. అతను నాటిన చెట్టు పళ్ళు వేరేవాళ్ళు తిన్నారు. అలా తిన్నవాళ్ళలో ఇంగ్లండు డిఫెండర్ సోల్ క్యాంప్‌బెల్ ఒకడు. లండన్‌లో టాటెన్‌హామ్ కెప్టెన్‌గా ఉండి, 2001లో కాంట్రాక్టు అయిపోగానే పక్కనే ఉన్న బద్ధశత్రువు ఆర్సెనల్‌లో చేరాడు. టాటెన్‌హామ్ అభిమానులు అతన్ని "జూడాస్" అన్నారు, ఏళ్ళ తరబడి వదల్లేదు. చట్టం అతని వైపు ఉంది. అయినా వాళ్ళ గుండె మండింది. గుండె మండటం అబద్ధం కాదు.

అసలు ముడి ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. మనకి బాధ కలిగింది. బాధ కలిగింది కాబట్టి ఎవరో తప్పు చేసే ఉండాలి అనుకుంటాం. ఈ రెండో మాట మొదటి మాట నుంచి రాదు. వర్షం వచ్చి మ్యాచ్ ఆగిపోతే బాధే, తప్పు ఎవరిది? అక్క పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళితే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు, అక్క ద్రోహి అని ఎవరైనా అంటారా? ఎవరూ తప్పు చేయకుండానే మనుషులకి బాధ కలుగుతుంది. ఆ బాధని బాధగా మొయ్యడం కష్టం, కోపంగా మార్చుకుంటే కొంచెం తేలిక. అందుకే ద్రోహి కావాలి మనకి. ద్రోహి దొరికితే ఏడవక్కర్లేదు, తిడితే సరిపోతుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటిపోవడం న్యాయం కాదు. మా నాన్న పనిచేసే స్పిన్నింగ్ మిల్లుల్లో కార్మికులు ఎక్కువ కూలి కోసం ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లుకి మారుతూ ఉంటారు. వాళ్ళని ఎవరూ ద్రోహులు అనరు, కాబట్టి ఆటగాణ్ణీ అనకూడదు అని నేను వాదిస్తే, మా క్లాసు అమ్మాయి ఒకతె చక్కగా జవాబు చెప్పింది. "మిల్లు కార్మికుడి పేరు ఎవరైనా జెర్సీ మీద వేసుకుంటారా? అతని కోసం ఎవరైనా గొంతు పోయేలా అరుస్తారా? క్లబ్బులు మన దగ్గరికి వచ్చినప్పుడు ఇది మీ కుటుంబం, మీ ఇల్లు అంటాయి. టిక్కెట్టు కొన్నాక, ఆటగాడు పోయాక, ఇది వ్యాపారం అంటాయి. ప్రేమ అని పిలిచి వ్యాపారం అని పంపిస్తే కోపం రాదా?"

ఆమె మాటలో నిజముంది. దానికి మన తెలుగు నేల మీదే రుజువు ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ కథ చూడండి. 2019లో పుణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో హైదరాబాదులో ఈ క్లబ్బు పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో ఇదే కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది. ఎడమవైపు డిఫెన్సులో ఆకాశ్ మిశ్రా అనే కుర్రాడు ఎంత బాగా ఆడాడో చూసినవాళ్ళకి తెలుసు. 2023లో అతను ముంబై సిటీకి వెళ్ళిపోయాడు. అప్పుడూ అవే మాటలు వినపడ్డాయి: డబ్బు కోసం పోయాడు, నమ్మకం లేదు. ఆ తర్వాతి సీజన్లో ఏమైంది? జీతాలు అందక ఆటగాళ్ళూ, కోచ్‌లూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. జట్టు 12 క్లబ్బుల్లో చిట్టచివర నిలిచింది. 2025లో ఆ క్లబ్బే హైదరాబాదు వదిలి ఢిల్లీ వెళ్ళిపోయింది, పేరు కూడా మారిపోయింది. ఆటగాడు ఉంటాడా పోతాడా అని అభిమానులు వాదించుకుంటూ ఉంటే, చివరికి మైదానం ఒక్కటే మిగిలింది. క్లబ్బే వెళ్ళిపోయాక ఆటగాణ్ణి ఏమనాలి? ఈ మొత్తం కథలో కాంట్రాక్టు లేకుండా, జీతం లేకుండా చివరిదాకా ఉన్నది అభిమాని ఒక్కడే.

కాబట్టి అభిమానికి ఏ హక్కూ లేదని నేను అనను. తనకి నిజం చెప్పమని అడిగే హక్కు ఉంది. ఆటగాడు వెళుతున్నాడా లేదా అన్నది గాలి మాటల ద్వారా కాకుండా క్లబ్బు నోటి ద్వారా వినే హక్కు ఉంది. వెళ్ళేటప్పుడు ఒక వీడ్కోలు అడిగే హక్కు ఉంది. తన ప్రేమని సరుకులా లెక్కగట్టి ఊరు మార్చేస్తే నిలదీసే హక్కు కూడా ఉంది. ఒక మనిషిని కట్టిపడేసే హక్కు మాత్రం లేదు. ప్రేమించానన్నది ఎవరినైనా కట్టేయడానికి కారణమైతే అది ప్రేమ అనిపించుకోదు. ఈ మాట ఫుట్‌బాల్‌కే కాదు, మన ఇళ్ళకీ వర్తిస్తుంది.

నిజమైన తప్పు ఎలా ఉంటుందో కూడా జింగాన్ కథలోనే ఉంది. 2022 ఫిబ్రవరి 19న అతని కొత్త జట్టుకీ, బ్లాస్టర్స్‌కీ మ్యాచ్ జరిగింది, 2-2తో సమానమైంది. ఆట అయ్యాక వెళుతూ "ఆడవాళ్ళతో ఆడినట్టుంది" అన్న అర్థం వచ్చేలా ఒక మాట అన్నాడు. అది వీడియోలో పడింది. తర్వాత క్షమాపణ చెప్పాడు. ఆ మాట కేరళ అభిమానులకి తమ జట్టుకి జరిగిన అవమానంగా తగిలింది. నాకు ఇంకో చోట తగిలింది. సాయంత్రం బంతి ఆడే ఆడపిల్లలం మేము. ఆడవాళ్ళతో ఆడటం చిన్నతనం ఎలా అవుతుంది? మన తమిళనాడు ఆడవాళ్ళ జట్టు 2018లోనూ, 2023లోనూ జాతీయ ఛాంపియన్. సరే, నేను చెప్పదలచుకున్నది ఇది: 2020లో వెళ్ళిపోవడం తప్పు కాదు, 2022లో అన్న మాట తప్పు. కానీ వెళ్ళిపోయినందుకు అప్పటికే రెండేళ్ళు తిట్టినవాళ్ళకి నిజంగా తప్పు జరిగిన రోజున కొత్తగా అనడానికి మాటలు మిగల్లేదు. ప్రతిదాన్నీ ద్రోహం అంటే, ద్రోహం జరిగిన రోజున దాన్ని ఏమని పిలుస్తాం?

వెళ్ళడం తప్పు కాదు అన్నాను. వెళ్ళడం వల్ల నష్టం లేదని అనలేదు. అది వేరు. ఒకప్పుడు హైదరాబాద్ భారత ఫుట్‌బాల్‌కి పుట్టిల్లు. సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కానీ పేరు, డబ్బు కలకత్తాలో ఉండేవి. సికింద్రాబాదు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. హైదరాబాదులోనే పుట్టిన గొప్ప డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ కూడా కలకత్తా వెళ్ళాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్, ఒకదానికొకటి పడని మూడు క్లబ్బులకీ ఆడాడు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకి అతనే కెప్టెన్. తర్వాత కోచ్ అయ్యి ద్రోణాచార్య అవార్డు, ఆటగాడిగా అర్జున అవార్డు రెండూ పొందాడు. క్లబ్బులు మారినప్పుడల్లా అతన్నీ ఎవరో ఒకరు తిట్టే ఉంటారు. ఇవాళ మూడు క్లబ్బుల వాళ్ళూ "మావాడు" అంటారు. అతను చేసింది తప్పు కాదు. అయినా ఒక్కొక్కరే వెళ్ళిపోవడం హైదరాబాదుకి లోటే. అంటే ఒకరు తప్పు చేయకుండానే ఇంకొకరికి నష్టం జరగవచ్చు. నష్టం జరిగినప్పుడు చేయాల్సింది వెళ్ళినవాణ్ణి తిట్టడం కాదు, ఉండటానికి తగ్గ చోటుగా మన చోటుని నిలబెట్టుకోవడం.

ఈ విషయం గురించి రాయడానికి మనకి ఇంకా ఎక్కువ హక్కుంది. రాజపాళయం తెలుగువాళ్ళం మనం. మన పెద్దలు విజయనగర రాజుల కాలంలో తెలుగు నేల వదిలి ఈ దక్షిణానికి వచ్చారని ఇళ్ళల్లో చెప్పుకుంటారు. వాళ్ళు ద్రోహులా? వదిలి వచ్చినవాళ్ళే ఇన్ని వందల ఏళ్ళు తెలుగు మాట్లాడుతూ ఉన్నారు. మన ఊరి కుమారస్వామి రాజా గారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండి, 1954లో గవర్నరుగా ఒరిస్సా వెళ్ళారు. ఊరు వదిలాడని ఆయన్ని ఎవరూ అనలేదు. ఆయన ఇచ్చిన ఇల్లే ఇవాళ గాంధీ కళామండ్రం. ఉండటం, వెళ్ళడం అనే రెండు మాటలతో మనిషి నమ్మకాన్ని కొలవలేం.

ఇప్పుడు మన బడి సంగతికి వస్తాను. ప్రతి వేసవిలో ఒక మాట బయలుదేరుతుంది: "ఈ ఏడాది తెలుగు మీడియం ఎత్తేస్తారంట." ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఒక తల్లి విని భయపడుతుంది. నా బిడ్డ మధ్యలో చిక్కుకుంటే ఎలా అని టీసీ తీసుకుని ఇంగ్లీషు మీడియంలో చేరుస్తుంది. అది చూసి పక్కింటి తండ్రి "ఏదో తెలిసే తీసుంటారు" అనుకుంటాడు. జూన్‌లో తరగతిలో నలుగురు తగ్గుతారు. నలుగురు తగ్గారు కాబట్టి వచ్చే ఏడాది ఆ మాటకి ఇంకా బలం వస్తుంది. ఫుట్‌బాల్ పుకారు నిజమో అబద్ధమో ట్రాన్స్‌ఫర్ విండో మూసేనాటికి తేలిపోతుంది. ఈ పుకారు అలాంటిది కాదు. మొదట అబద్ధంగా పుట్టి, మనం నమ్మడం వల్లనే నిజమవుతుంది. రేపు బడి నిజంగా మూతపడితే, "అంట" అన్న ప్రతి నోరూ ఒక్కో ఇటుక తీసినట్టే. కానీ ఒక్కరూ "నేను తీశాను" అనరు, ఎందుకంటే అందరూ "అంట" అనే అన్నారు.

అలాగని వెళ్ళినవాళ్ళని తప్పు పట్టకూడదు. పోయినేడు మా క్లాసు నుంచి ఒకబ్బాయి వెళ్ళాడు. కొందరు అతన్ని "పార్టీ మారినోడు" అని పిలిచారు. వాళ్ళ నాన్నకి షిఫ్టు మారింది, దగ్గరున్న బడే వీలైంది, అంతే. అతను ఇప్పటికీ సాయంత్రం మాతో ఆడతాడు, తెలుగులోనే అరుస్తాడు. ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళు బడికి ఏ మేలూ చేయలేదు, ఒక స్నేహితుణ్ణి దూరం చేయబోయారు, అంతే.

ఆటగాడి గురించైనా, బడి గురించైనా, పక్కింటివాళ్ళ గురించైనా ఒక మాట చెవిన పడినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలని నేను అనుకుంటున్నాను. ఇది మొదట ఎవరన్నారు? ఇది ఊరంతా తిరిగితే ఎవరికి లాభం? ఇది అబద్ధమని రేపు తేలితే, జరిగిన నష్టాన్ని వెనక్కి తీసుకోగలమా? మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. "రేపు సెలవంట" అబద్ధమైతే ఒక రోజు బడి పోతుంది. "వాడు అమ్ముడుపోయాడంట" అబద్ధమైతే ఒక మనిషి పేరు పోతుంది, అది పాత జెర్సీలా ఉతికితే తెల్లబడేది కాదు. అలాంటి మాట దగ్గర ఆగిపోవాలి, లేదా తెలుసుకోవాలి.

తెలుసుకోవడం అంత కష్టం కూడా కాదు. తల్లిదండ్రులకి నాదొక మనవి. ఈ మే నెలలో "ఎత్తేస్తారంట" అన్న మాట మీ వీధికి వస్తే, దాన్ని పక్క వీధికి పంపేముందు ఒకసారి బడి గేటు దాకా రండి. హెడ్‌మాస్టరు గారి గది తలుపు తెరిచే ఉంటుంది. ఉపాధ్యాయులకి కూడా నాదొక మనవి. మేమూ, మా ఇళ్ళల్లో వాళ్ళూ అడగకముందే ఏది నిజమో నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. నిజం ఆలస్యంగా వస్తే ఆ ఖాళీలోకి పుకారు వచ్చి కూర్చుంటుంది. ఇక మనం, పిల్లలం. ఎవరైనా వెళ్ళిపోతుంటే బాధపడదాం, అది మన హక్కు. గేటు దాకా వెళ్ళి సాగనంపుదాం. తిట్టి పంపినవాడు తిరిగి చూడడు, సాగనంపినవాడు సాయంత్రం ఆటకైనా వస్తాడు.